రొమ్ము క్యాన్సర్ తర్వాత నిద్ర పట్టకపోతే: సీబీటీ-ఐ మేలా, తాయ్ చీ మేలా?

చికిత్స ముగిసి ఏళ్లు గడిచినా రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డవారిలో చాలామందికి నిద్ర సరిగా పట్టదు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి 90 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సీబీటీ-ఐ (నిద్రలేమికి ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స), ఇంకో జట్టుకు చైనా వ్యాయామమైన తాయ్ చీ మూడు నెలలు నేర్పారు. ఫలితాలు 2017లో వచ్చాయి.

సీబీటీ-ఐ అంటే మాత్రల్లేని నిద్ర చికిత్స. రోజూ ఒకే వేళకు లేవాలి. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి, పట్టకపోతే లేచి అవతలి గదిలోకి వెళ్లాలి. మంచం మీద గడిపే గంటలు కూడా మొదట్లో తగ్గిస్తారు. నిద్ర లేక అల్లాడుతుంటే ఇంకా తగ్గించడమేమిటని ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. కానీ మెలకువగా దొర్లే అలవాటును వదిలించేది ఇదే. 'ఈ రాత్రీ పట్టకపోతే?' అన్న టెన్షన్ మీద కూడా పనిచేస్తారు. తొలి వారాల్లో పగలు మత్తుగా ఉండొచ్చు, బండి నడిపేవాళ్లు జాగ్రత్త.

తాయ్ చీలో ఈ నియమాలేవీ లేవు. నెమ్మదైన కదలికలు, శ్వాస మీద ధ్యాస, అంతే.

15వ నెలలో చూస్తే చెప్పుకోదగ్గ మెరుగు తాయ్ చీ జట్టులో 46.7 శాతం మందికి, సీబీటీ-ఐ జట్టులో 43.7 శాతం మందికి కనిపించింది. ఆ తేడా చూసి తాయ్ చీ గెలిచిందనుకోకూడదు. సీబీటీ-ఐకి తీసిపోదని మాత్రమే తేలింది. రెండు జట్లలోనూ సగానికి పైగా మందికి ఆ స్థాయి మేలు జరగలేదన్నదీ నిజమే.

నన్నడిగితే, పరిశోధన బలం ఎక్కువున్న సీబీటీ-ఐ మొదట. సీబీటీ-ఐలోలా రోజూ నిద్ర డైరీ రాయడం, గడియారం చూసి లేవడం పడనివారికి తాయ్ చీ నయం.