మేలో రాయించి జులైలో మార్చుకోవచ్చు: మా రైతు కొనుగోలు సంఘం గురించి

మా సంఘం గురించి ఎవరడిగినా రేట్ల సంగతి నేను చివర్లో చెబుతాను. పదిమంది కలిసి లోడు తెప్పించుకుంటే బస్తాకు ఎంతో కొంత మిగులుతుందని తెలియని రైతు లేడు. నాకు నచ్చింది వేరే. మే నెలలో విత్తనానికి ఇచ్చిన ఇండెంటును, అంటే అడ్వాన్సు కట్టి రాయించిన ఆర్డరును, జులై ఆఖరు దాకా మార్చుకోవచ్చు. వేరుశనగ రాయించినవాడు కందులు పట్టుకుపోవచ్చు. ఏడెకరాలకు రాయించినవాడు రెండెకరాలకే తీసుకోవచ్చు. అసలేమీ వద్దని అడ్వాన్సు వెనక్కి అడగొచ్చు కూడా. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఎర్ర నేలల్లో వానను నమ్ముకుని సేద్యం చేసేవాడికి ఇది ఎంత పెద్ద మాటో కాలువ కింది రైతుకు ఎంత చెప్పినా ఎక్కదు.

నేను చేరింది 2019లో. అప్పట్లో ఈ నిబంధనను ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వానలు బాగానే పడ్డాయి. 2021 నవంబరులో అయితే ఎక్కువై, పీకి కుప్ప వేసిన కాయ చేలోనే మొలకెత్తింది. కాబట్టి ఆర్డరు మార్చుకునే అవసరం పెద్దగా రాలేదు. కాగితం మీది సౌకర్యం అక్కరకొస్తుందో లేదో తేలింది 2023లోనే.

అసలిది ఎట్లా కుదురుతుందో ముందు చెప్పాలి. అంగట్లో కొన్న విత్తనం వాపసు ఇచ్చిన అనుభవం మనలో ఎవరికీ ఉండదు కదా. మా సంఘం వేరుశనగ విత్తనాన్ని బయటి నుంచి తేదు. బోర్ల కింద రబీలో పండించే సభ్యుల దగ్గరే మార్చి, ఏప్రిల్ నెలల్లో కాయ కొంటుంది. ఎక్కువగా కదిరి-6 రకం, ఈ మధ్య కదిరి లేపాక్షి రకం. ఎండబెట్టి, జల్లెడ పట్టి, మొలక శాతం చూసి, 30 కిలోల సంచుల్లో గోదాములో వేస్తారు. ఒలవరు. విత్తనశుద్ధి మందు కలపరు. అవి రెండూ ఎవరికివారు ఇంటి దగ్గర చేసుకోవాల్సిందే. పక్క ఊరివాళ్లు దీన్ని చూసి "ఒలిచి కూడా ఇయ్యరా మీ సంఘమోళ్లు" అని నవ్వుతారు. కిటుకంతా అక్కడే ఉందని వాళ్లకు తెలియదు. కాయగా ఉన్నంతకాలం మొలకశక్తి నిలుస్తుంది. మందు తగలని కాయ ఎప్పుడు కావాలంటే అప్పుడు నూనె మిల్లుకు పోతుంది. సరిహద్దు దాటితే కర్ణాటకలో చళ్ళకెర, నూనె మిల్లులకు పేరుపడ్డ ఊరు. మేము వద్దన్న విత్తనానికి అక్కడ ఏదో ఒక ధర పలుకుతుంది. ఆ ధైర్యంతోనే సంఘం మాకు గడువు ఇవ్వగలుగుతోంది. కందులు, కొర్రలు, ఆముదాల విత్తనం మాత్రం బయటిదే. అమ్ముడుపోనిది వెనక్కి తీసుకునేలా సరఫరాదారుతో ముందే మాట్లాడుకుని తెస్తారు.

ఇక 2023. ఆ ఏడాది వాన లేకుండానే మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు కూడా పోయింది. మబ్బు పట్టేది, సాయంత్రానికి గాలి లేచి ఎత్తుకుపోయేది. దుక్కి దున్నుకుని, ఎరువు తోలుకుని, గొర్రు సరిచేసుకుని కూర్చున్నాం. నేను ఐదెకరాలకు, ఎకరాకు మూడు చొప్పున, పదిహేను సంచులు రాయించి ఉన్నాను. మా పక్క చేను రైతు ఎప్పటిలాగే అంగట్లో అప్పు మీద ఒలిచిన విత్తనం తెచ్చిపెట్టుకున్నాడు. జులై మూడో వారానికి ఆ గింజకు పురుగు పట్టింది. వాపసు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది.

ఆ వారంలోనే సంఘం వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది. లెక్కలు చూసే అక్క గొంతు. "అన్నా, నెలాఖరు దాటితే శనక్కాయ వేసేది వద్దు. కందులు, కొర్రలు, ఆముదాలు గోదాములో ఉండాయి. ఎవురికి ఏం మార్చాల్నో 31వ తేదీ లోపల చెప్పండి. చెప్పనోళ్లకు పాత ఇండెంటే ఖాయం." అందులో ఆమె కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. జులై దాటితే వేరుశనగ మానుకుని కంది, ఆముదం, అలసంద, ఉలవ, కొర్ర లాంటివి వేసుకోమని వ్యవసాయ శాఖవాళ్లు ఏటా చెప్పేదే. చెప్పడం వేరు, వేసుకోడానికి ఆ విత్తనం అదే వారం చేతికి అందడం వేరు.

ఇంట్లో ఆ రాత్రి పెద్ద పంచాయితీ జరిగింది. మొత్తం కందికి మార్చేద్దామని నేనన్నాను. "ఎద్దులకు కట్టె ఎక్కడి నుంచి తెస్తావు?" అంది మా ఇంటామె. నిజమే, శనక్కాయ కట్టె లేకపోతే ఎండాకాలం పశువుల మేత కొనాల్సి వస్తుంది. కొనడం మొదలుపెడితే కందిలో మిగిలేది వాటి నోట్లోకే పోతుంది. చివరికి ఆరు సంచులు ఉంచుకుని రెండెకరాలు శనక్కాయ, మూడెకరాలు కంది అనుకున్నాం. కంది తక్కువ కాలంలో కోతకొచ్చే పీఆర్‌జీ-176. మార్చుకోడానికి అర్జీ గిర్జీ ఏమీ లేవు. పొడుగాటి పుస్తకంలో నా పేరుకు ఎదురుగా ఉన్న 15 మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పక్కన 6 అని రాసి, ఆ గీత మీదే నాచేత సంతకం పెట్టించుకున్నారు. మిగిలిన అడ్వాన్సు కందుల ఖాతాకు మళ్లించారు. అక్కడి బల్ల దగ్గర నా ముందు నిలబడిన పెద్దాయన పద్దెనిమిది సంచులూ కొట్టేయించి, కొర్రలు మాత్రం తీసుకుని, మిగిలిన డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు. విత్తనం వద్దని డబ్బు వెనక్కి తీసుకెళ్లే రైతును నేను చూడటం అదే మొదటిసారి.

నెలాఖరుకు ఒక పదును వాన పడింది. విత్తాం. ఆగస్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1901 తర్వాత దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదని వాతావరణ శాఖే లెక్క తేల్చింది. అక్టోబరు ఆఖరున రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. నా రెండెకరాల శనక్కాయలో దక్కింది కట్టె ఒక్కటే. కంది వాడిపోయి, తర్వాత పడ్డ కొద్దిపాటి చినుకులకు తేరుకుంది. మూడెకరాలకు ఆరు క్వింటాళ్ల పైచిలుకు వచ్చింది, అది చెప్పుకోదగ్గ దిగుబడేమీ కాదు. కానీ ధర కలిసొచ్చింది. ఆ సీజనుకు కంది మద్దతు ధర క్వింటా 7,000 రూపాయలు. నేను అమ్మే నాటికి కల్లం దగ్గరే 9,000 దాటి అడుగుతున్నారు. ఐదెకరాలూ శనక్కాయే వేసుంటే ఆ ఏడాది మా పరిస్థితి ఏమిటన్నది తలచుకోవడం కూడా నాకిష్టం లేదు.

అమ్మకంలో సంఘం చెయ్యి పెట్టదు. కాటా, తేమ మీటరు మాత్రం రోజు అద్దెకు ఇస్తుంది. ఇంత చిన్న విషయానికి ఇంత బలం ఉంటుందని నేననుకోలేదు. వచ్చిన వ్యాపారి పిడికెడు కందులు తీసుకుని, అరచేతిలో ఆడించి, ఒకటి నోట్లో వేసుకుని కొరికి, "తేమ ఉండాది, క్వింటాకు రెండు కిలోలు తరుగు పోతాది" అన్నాడు. మీటరు పెడితే పది శాతం చూపించింది. ప్రభుత్వ కొనుగోలులోనే పన్నెండు దాకా ఒప్పుకుంటారు. ఆయన ఇంకేమీ అనలేదు. తరుగు మాట మానేసి గోనెసంచుల లెక్కకు వెళ్లిపోయాడు.

ఈ కథను నేను ఆ ఏడాదంతా ఊరూరా చెప్పాను. "పైసా ఖర్చు లేకుండా" అని కూడా జోడించేవాణ్ణి. 2024 సెప్టెంబరులో మహాసభలో లెక్కలు చదివాక ఆ ముక్క వదిలేశాను. మేమంతా వద్దన్న కాయ చళ్ళకెర పోయింది సరే. విత్తనపు ధరకు కొని, గ్రేడింగు చేసి, గోదాము అద్దె కట్టి, చివరికి మిల్లు ధరకు అమ్మితే ఆ తేడా ఎవరి నెత్తిన? సంఘం మిగులులోంచి పోయింది. దాంతో ఆ ఏడాది ఎవరికీ బోనస్ రాలేదు, ఇండెంటు మార్చుకోనివాళ్లకు కూడా.

బోర్ల రైతులు లేచారు. మీ వాన భయానికి మేమెందుకు కట్టాలి అన్నది వాళ్ల వాదన. అందులో అన్యాయం ఏమీ లేదు. మార్చుకున్నవాళ్ల నుంచే ఆ నష్టం వసూలు చేయాలని తీర్మానం పెట్టారు. మా సంఘంలాంటి ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లో చట్టం తెచ్చినప్పుడే, షేర్లు ఎన్ని ఉన్నా సభ్యుడికి ఒకే ఓటు అని పెట్టారు. మాలో వాన సేద్యం వాళ్లం ఎక్కువ. తీర్మానం వీగిపోయింది. అయితే బోర్ల రైతులు కాయ ఇవ్వడం మానేస్తే మాకు విత్తనమే లేదు కదా. అందుకే మధ్యేమార్గంగా ఒక కోత పెట్టారు. జులై 20 దాటాక మార్చుకుంటే అడ్వాన్సులో పదో వంతు పోతుంది. నేనూ చెయ్యెత్తాను. కానీ 20 అంటే పుష్యమి కార్తె మొదలయ్యే రోజు. వాన ఉందో లేదో తేలేది ఆ తర్వాతే. కోత తప్పించుకోవాలంటే తేలకముందే మార్చుకోవాలి. కాబట్టి ఈ సౌకర్యం ఇప్పుడు ముందున్నంత తియ్యగా లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కబురంతా వాట్సాప్‌లోనే. బటన్ ఫోను ఉన్న ముసలివాళ్లకు ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. 2023లో గడువు దాటాక తెలిసి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపారు. అది నాకు నచ్చలేదు, సభలో అదే చెప్పాను.

ఎరువుల విషయంలో నా ఉత్సాహం ఇంకా తక్కువ. 2024 రబీలో డీఏపీ ఎరువుకు కొరత వచ్చింది గుర్తుందా? బస్తా ధర 1,350 అని సంచి మీద అచ్చు వేసి ఉంటుంది, ఏ అంగట్లోనూ ఒక్క బస్తా విడిగా ఇచ్చేవాళ్లు కాదు. ఏదో ఒక మందు సీసా కూడా కొనాల్సిందేనని లింకు పెట్టేవాళ్లు. మా సంఘం ఉండగా ఈ బాధ మనకెందుకులే అనుకున్నాం. లోడు వచ్చింది, దాంతోపాటు నానో డీఏపీ అనే ద్రవ ఎరువు సీసాల పెట్టెలూ వచ్చాయి. సంఘానికి సరుకు ఇచ్చే పెద్ద డీలరు అవి తీసుకుంటేనే లారీ కదులుతుందన్నాడట. సంఘం పేరు పెద్దదే గానీ ఏడాదికి నాలుగు లోడ్లు కొనేవాళ్ల మాట అక్కడ చెల్లదు. అంగడికీ సంఘానికీ తేడా ఒక్కటే కనిపించింది. బిల్లులో డీఏపీ ధర ఒక వరుస, సీసా 600 ఒక వరుస, లారీ బాడుగ ఒక వరుస, హమాలీ ఒక వరుస, అన్నీ విడివిడిగా రాసిచ్చారు. సీసా వద్దన్నవాళ్ల భాగం సంఘమే ఉంచుకుంది. ఆ పెట్టెలు ఇప్పటికీ గోదాములో ఒక మూల ఉన్నాయి, వాటి డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతుందో మీరే ఊహించుకోండి.

పురుగుమందులు అసలే దొరకవు. వాటి లైసెన్సుకు చదువుకున్న మనిషిని పెట్టుకోవాలి, ఆ జీతం మా సంఘం ఇవ్వలేదు. కాబట్టి ఎంత సంఘం సభ్యుడైనా పంటకు తెగులొస్తే మళ్లీ ఆ అంగడి మెట్లు ఎక్కాల్సిందే.

అన్నిటికంటే పెద్ద లోటు, ఇక్కడ అప్పు లేదు. మేలో అడ్వాన్సు, సంచులు ఎత్తేటప్పుడు మిగతాది, రెండూ నగదే. నాకది భారం కాదు. ఇంట్లో రెండు పాడి ఆవులున్నాయి, పాల డబ్బు పదిహేను రోజులకోసారి వస్తుంది. పెద్దోడు బెంగళూరు నుంచి ఎంతో కొంత పంపుతాడు. అంగట్లో అప్పు చేసి, పంట ఆ అంగడివాళ్లకే, వాళ్లు చెప్పిన ధరకే తూకం వేయాల్సిన అవసరం నాకు లేదు కాబట్టే కందిని నచ్చినప్పుడు అమ్ముకోగలిగాను. మా పక్క చేను రైతు కౌలుకు చేసుకుంటున్నాడు. మేలో అతని చేతిలో కౌలు డబ్బే ఉండదు, అడ్వాన్సు ఎక్కడ కడతాడు? ఇండెంటు మార్చుకునే సౌకర్యం అందరికంటే ఎక్కువ అవసరమైంది అతనికి. అందనిదీ అతనికే. సహకార బ్యాంకు నుంచి సీజను అప్పు తెచ్చి సభ్యులకు ఇద్దామని రెండు సభల్లో మాట్లాడారు. మాటల దగ్గరే ఆగింది.

చేరొచ్చా అంటే, నాలాగా కొంత బోరు, కొంత వాన సేద్యం ఉండి, మే నెలలో చేతిలో కాస్త డబ్బు ఆడేవాళ్లకు చేరమనే చెబుతాను, విత్తనం కోసమైనా. పూర్తిగా చీనీ (బత్తాయి) తోటలు పెట్టుకున్నవాళ్లకు ఇందులో ఒరిగేది తక్కువ. వాళ్లకు కావాల్సింది మందులు, డ్రిప్పు సామాను, అవి ఇక్కడ లేవు. అప్పు లేనిదే విత్తనం ఎత్తలేనివాళ్లకు మాత్రం ఇప్పుడున్న పద్ధతిలో ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మొన్న మా బావమరిది అడిగితే, "షేరు తీసుకో, అంగడివాడితో మాత్రం తెగతెంపులు చేసుకోవద్దు" అన్నాను. షేరు డబ్బు కట్టాడు. ఇండెంటు ఇంకా ఇవ్వలేదు, వాన చూసుకుని ఇస్తాడట.