గోడమీది పోస్టరా, సంఘంలో మాటా: స్త్రీలపై హింస గురించిన అవగాహనకు ఏది మేలు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019-21) ఒక ప్రశ్న ఉంది. భర్తకు చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు వాదించడం, పడకకు నిరాకరించడం, వంట సరిగ్గా చేయకపోవడం, భర్తకు అనుమానం కలగడం, అత్తమామలను గౌరవించకపోవడం అనే ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం స్త్రీలు ఏదో ఒక సందర్భంలో సబబేనన్నారు. దేశం మొత్తం మీద ఇది 45 శాతం దగ్గర ఉండగా హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతానికి మించలేదు. మన పురుషులలో అవునన్నవారు కాస్త తక్కువ: తెలంగాణలో 70.4 శాతం, ఆంధ్రలో 66.5 శాతం. దీన్ని బట్టి పురుషులే నయమని సంబరపడనక్కరలేదు. సర్వే మనిషి ఎదుట తన చేతి సంగతి చెప్పవలసి వచ్చినవాడు కొంత జాగ్రత్తగా మాట్లాడి ఉండవచ్చు.

స్త్రీలపై హింస గురించి ప్రజలకు అవగాహన కల్పిస్తామని చెప్పే ఏ కార్యక్రమాన్నయినా ఈ అంకెల ముందు నిలబెట్టి చూడాలని నా అభిప్రాయం. ఎంతమంది ర్యాలీలో నడిచారన్నది, ఎన్ని ఫ్లెక్సీలు కట్టారన్నది నిర్వాహకుల లెక్క. భార్యను కొట్టడం తప్పు కాదనుకునే మనిషి ఆ కార్యక్రమం తరువాత కూడా అలాగే అనుకుంటున్నాడా లేదా అన్నది అసలు లెక్క. ఆ దృష్టితో మన ముందున్న మార్గాలను పోల్చితే ప్రధానంగా రెండు కనిపిస్తాయి. ఒకటి బహిరంగ ప్రచారం: నవంబరు 25 నుంచి డిసెంబరు 10 వరకు జరిగే పదహారు రోజుల కార్యక్రమాలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, పోస్టర్లు, యాప్‌లు, 181 హెల్ప్‌లైను ప్రకటనలు. రెండవది పదిమంది, పదిహేనుమంది కూర్చునే చోట, అంటే పొదుపు సంఘంలోనో బస్తీ సమావేశంలోనో, నెలనెలా జరిగే సంభాషణ. పురుషులతో, మగపిల్లలతో చేసే పని మూడవది కాగలదు గానీ మన దగ్గర అది ఇంకా మార్గం అనదగినంతగా ఏర్పడలేదు.

బహిరంగ ప్రచారం పట్ల జనం వైఖరి ఎప్పుడూ సానుకూలమే. ఎందుకంటే ఆ ప్రచారంలో నేరస్థుడు మనకు తెలియనివాడు. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తరువాత ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు. డిసెంబరు 6న నిందితులు నలుగురు చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసులపై పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ నిజమైనది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు, పూలు చల్లిన ఉత్సాహంలో నాలుగో వంతు కూడా చర్చలో కనబడలేదు. ఆ ఘోరం జరిగిన 2019 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ, అత్యాచార కేసుల్లో ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లును ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఆ పేరుతో వచ్చిన యాప్ మాత్రం లక్షల ఫోన్లలోకి చేరింది. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు బస్టాపుల్లో, కాలేజీల దగ్గర ఆకతాయిలను పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇప్పించడం వల్ల చదువుకునే ఆడపిల్లలకు నిజమైన ఊరట కలిగింది. దీన్ని తక్కువ చేయడం అన్యాయం.

కాని హింస ఎక్కువగా ఉన్నది బస్టాపులో కాదు. స్త్రీలపై నేరాలుగా దేశంలో నమోదవుతున్న కేసుల్లో అన్నిటికంటే పెద్ద వాటా, 2022లో దాదాపు 31 శాతం, భర్త లేదా అతని బంధువుల క్రూరత్వానిదే. అది కేసుల దాకా వచ్చిన సంగతి. పైన చెప్పిన సర్వేలోనే, భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించామన్న వివాహిత స్త్రీలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రలో 30 శాతం ఉన్నారు. అపరిచితుడిపై ఆగ్రహించే సమాజం ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుస్తుంది. కొవ్వొత్తి పట్టుకుని నడిచిన మనిషే పక్క ఫ్లాటులో అరుపులు వినిపిస్తే టీవీ శబ్దం పెంచుతాడు, ఆలుమగల తగవులో మూడోమనిషి దూరకూడదంటాడు. ఇందులో కపటమేమీ లేదు. అతని మనసులో అవి రెండు వేరువేరు విషయాలు. మన ప్రచారం కూడా వాటిని వేరువేరుగానే ఉంచింది.

పోస్టరు సంగతే తీసుకుందాం. చెంప కమిలిన ఒక స్త్రీ ముఖం, కన్నీళ్ళు, పక్కన ఒక నినాదం, అడుగున అధికారుల ఫొటోలు, వాటికింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఫోను నంబరు. దాన్ని చూసే స్త్రీ తనను తాను ఆ బొమ్మలో గుర్తుపడితే ధైర్యం తెచ్చుకుంటుందా, సిగ్గుపడుతుందా? మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత ఉంది. ఎగతాళిగా వాడతాం గానీ, అందులో చాలా కచ్చితమైన పరిశీలన ఉంది: దెబ్బకంటే నలుగురికి తెలియడమే పెద్ద శిక్ష. హింస అనుభవించిన స్త్రీలలో దేశవ్యాప్తంగా సాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం ఎవరి చెవినా వేయలేదు. వీరందరికీ నంబరు తెలియక ఊరుకున్నారనుకుంటే పోస్టరుతో పని తీరిపోవాలి. చెబితే ఏమవుతుందో బాగా తెలుసు కాబట్టి ఊరుకున్నవారికి, వాళ్ళే ఎక్కువమందని నేననుకుంటున్నాను, పోస్టరు చెప్పే కొత్త సంగతి ఏమీ లేదు.

సంభాషణ మార్గానికి తెలుగు నేలలో గొప్ప నిదర్శనమే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు రాత్రి బడుల్లో స్త్రీలు చదివిన పాఠాల్లో తాగుడు పాలైన భర్తల కథలు, కూలి డబ్బు సారా దుకాణానికి పోయే కథలు ఉన్నాయి. ఆ పాఠం అందరి ఇంటి కథా ఒకటేనని చూపింది. దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమాన్ని మద్యపాన వ్యతిరేక ఉద్యమంగానే గుర్తుంచుకున్నాం గానీ, రాత్రి తాగి వచ్చినవాడి చేతి దెబ్బలు కూడా ఆ కోపంలో ఉన్నాయి. అక్కడ ఎవరూ వేదికపై నుంచి ‘హింస తప్పు’ అని ఉపన్యసించలేదు. ఒకే చోట కూర్చుని ఒకే కథ చదివి, ‘మా ఇంట్లోనూ అంతే’ అనుకోవడం వల్ల, ఎవరి గుట్టు వారిదిగా ఉన్నది అందరి సమస్య అయింది.

మెదక్ వైపు ఒక గ్రామంలో పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళినప్పుడు, వాయిదాల లెక్క పూర్తయ్యాక, సర్వేలోని ఆ ఏడు సందర్భాలను ఒక్కొక్కటే చదివి వినిపించడం చూశాను. అత్తమామల మాట వచ్చేసరికి ఒక యువతి, ‘అత్తకు ఎదురు మాట్లాడితే రెండు ఏస్తే తప్పేంది మేడం?’ అంది. పక్కనున్న పెద్దావిడ వెంటనే, ‘మరి నేను నా కోడలికి బువ్వ పెట్టకపోతే నన్నెవలు కొట్టాలె బిడ్డా?’ అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తరువాత మాట తిరిగింది: తప్పు చేస్తే కొట్టవచ్చునన్నది నిజంగా నియమమైతే అది కోడలికి మాత్రమే ఎందుకు వర్తిస్తుందని వాళ్ళే తర్కించుకున్నారు. తీర్మానమేమీ రాయలేదు, ప్రతిజ్ఞ చేయించలేదు. కాని పోస్టరు ఎన్నటికీ అడగలేని ప్రశ్నను ఒక అత్త అడిగింది. అడిగినది ఆమె కాబట్టే వాళ్ళు విన్నారు.

ఈ మార్గానికి లోపాలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. ఇది నత్తనడక నడుస్తుంది. సంఘం అధ్యక్షురాలి కొడుకే కొట్టేవాడైతే అక్కడ నోరు పెగలదు. కులం వేరైన స్త్రీ తన సంగతి ఆ చాప మీద చెప్పుకోదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం రాజీ. పెద్దమనుషుల పంచాయితీలోను, పోలీసు స్టేషను కౌన్సెలింగులోను, సంఘంలోను చివరికి తేలేది చాలాసార్లు ‘సర్దుకుపో తల్లీ, పిల్లల ముఖం చూసుకో’ అన్న మాటే. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, అరెస్టులు కోరే క్రిమినల్ కేసు పెట్టకుండానే, తన జోలికి రావద్దని భర్తను కట్టడిచేసే రక్షణ ఉత్తర్వు పొందవచ్చునని, కాపురమున్న ఇంట్లోనే నివసించే హక్కు అడగవచ్చునని సంఘం నాయకురాలికి తెలియకపోతే, ఆమె ఎంత మంచిదైనా ఆమె దగ్గర ఉన్న ఒకే మందు సర్దిచెప్పడం. కాబట్టి సంభాషణ మార్గం మేలని చెప్పేటప్పుడు, నడిపించే మనిషికి ఈ మాత్రం శిక్షణ ఉండాలన్న షరతు పెట్టకుండా చెప్పడం బాధ్యత కాదు.

ఈ పోలికకు ఉగాండా నుంచి రెండు అనుభవాలు పనికివస్తాయి, అవి ఒకదానికొకటి ఎదురుగా నిలిచేవి కావడం వల్ల మరీ పనికివస్తాయి. కంపాలాలో ‘సాసా’ అనే కార్యక్రమం కింద ఆయా బస్తీల మనుషులే ఇరుగుపొరుగుతో కొన్నేళ్ళపాటు మాట్లాడుతూ వచ్చారు. కార్యక్రమం జరిగిన బస్తీల్లో గత ఏడాది భర్త లేదా భాగస్వామి చేతిలో శారీరక హింస ఎదుర్కొన్న స్త్రీల నిష్పత్తి, జరగని బస్తీలతో పోలిస్తే 52 శాతం తక్కువగా ఉందని 2014లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఇది నా వాదానికి బలం. అయితే అదే దేశపు పల్లెల్లో, సినిమా ప్రదర్శనల మధ్యలో కొద్ది నిమిషాల వీడియోలు చూపించిన మరో ప్రయోగంలో, హింస సబబా కాదా అన్న అభిప్రాయం పెద్దగా మారకపోయినా, హింస గురించి ఇతరులకు చెప్పడానికి స్త్రీలు ముందుకు రావడం పెరిగింది, ఇళ్ళలో హింస కూడా తగ్గింది. మనసు మారకుండానే ప్రవర్తన మారిందన్నమాట. ఆ వీడియోలు ‘కొట్టకండి’ అని ఊరుకోలేదు. తెలిసినవాళ్ళు మౌనంగా ఉంటే ఏమవుతుందో, నోరు విప్పితే ఏమవుతుందో చూపించాయి. బహిరంగ ప్రచారం దండగ అని కొట్టిపారేయకుండా నన్ను ఆపేది ఈ ఫలితమే. చూసేవాడికి చేయదగిన ఒక చిన్న పని చూపిస్తే ప్రచారమూ పనిచేస్తుంది.

మన దేశంలో 2008లో వచ్చిన ‘బెల్ బజావో’ ప్రచారం బలం కూడా అక్కడే ఉంది. పక్కింట్లో కొట్టుకుంటున్న చప్పుడు వినబడితే వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కండి, పాలు ఉన్నాయా అనో ఫోను చేసుకోవచ్చా అనో ఏదో ఒక సాకు అడగండి, అంతే. తీర్పు చెప్పనక్కరలేదు, పోట్లాడనక్కరలేదు. మూడోమనిషి దూరకూడదన్న మన పట్టింపుకు భంగం కలగకుండానే దెబ్బను ఆపే ఉపాయమది. పైగా అది ప్రధానంగా పురుషులను ఉద్దేశించింది. పురుషులకు మన దగ్గర సాధారణంగా పెట్టేది చట్టాల తరగతి. అందులో మొదటి పది నిమిషాలు కాగానే ‘మరి తప్పుడు కేసుల మాటేమిటి?’ అని ఎవరో అడుగుతారు, మిగిలిన గంటంతా 498ఏ (భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతి సెక్షన్, 2024 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వది) దుర్వినియోగం మీదే నడుస్తుంది. దుర్వినియోగం గురించి సుప్రీంకోర్టే 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో అరెస్టుల విషయంలో హెచ్చరించింది కనుక ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. కాని చట్టంతో మొదలుపెడితే వినేవాడు ముద్దాయి స్థానంలో కూర్చుంటాడు, సాక్షి స్థానంలో కూర్చోబెడితే అతనికి చేయడానికి పని దొరుకుతుంది. హైస్కూలు మగపిల్లలతో కూడా ఇలాగే మొదలుపెట్టడం మంచిదని నాకు తోస్తుంది.

ఒక మండలంలో ఉన్న కొద్దిపాటి సొమ్మును ఎక్కడ ఖర్చు చేయాలని నన్నడిగితే, ముప్పాతిక వంతు నెలవారీ సమావేశాలకు, వాటిని నడిపే స్త్రీల శిక్షణకు కేటాయించమంటాను. నవంబరు ర్యాలీకి పెట్టే టెంటు, ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చు ఇటు మళ్ళిస్తే చాలా ఊళ్ళలో ఏడాదంతా నడుస్తుంది. మిగిలిన పాతిక వంతుతో పోస్టర్లు వేయవలసిందే, అయితే ఏడుపు ముఖాలు తీసేసి వేయాలి. 181 నంబరు, జిల్లా సఖి కేంద్రం చిరునామా, అక్కడ వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగు, కొద్ది రోజుల ఆశ్రయం ఉచితంగా దొరుకుతాయన్న ఒక్క వాక్యం, కేసు పెట్టకపోయినా వచ్చి మాట్లాడవచ్చునన్న మరో వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంటే సరిపోతుంది. వాటిని కూడలిలో కాకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్ళ వరుస దగ్గర, అంగన్‌వాడీ తలుపు లోపలివైపు, బస్టాండులో స్త్రీల మరుగుదొడ్డి గోడ మీద, అంటే పక్కన ఎవరూ చూడకుండా నంబరు రాసుకోగలిగే చోట అతికించాలి.