పీహెచ్‌డీ ఫండింగ్ వెతికిపెట్టే పెయిడ్ సర్వీసు: ఒక సీజన్ వాడాక నా రివ్యూ

విదేశంలో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకు ఫండింగ్ వెతికిపెడతామనే ఒక ఆన్‌లైన్ సర్వీసుకు డబ్బు కట్టి, ఒక అడ్మిషన్ సీజనంతా వాడాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా ఉన్నాయి, అలాంటిదాంట్లో చేరబోయేవాళ్లకు ఇది పనికొస్తే చాలు. నా సబ్జెక్టు నేలలోని సూక్ష్మజీవులు. పగలంతా ల్యాబ్‌లో ఉద్యోగం, వెతకడానికి రాత్రిపూట మిగిలేది కాస్త టైమే. ఆ పని తెలిసినవాళ్లు చేసిపెడతారని చేరాను.

చేరగానే ఒక ఫారం నింపిస్తారు. తర్వాత మన ప్రొఫైల్‌కు సరిపోయే స్కాలర్‌షిప్పులంటూ ఒక ఎక్సెల్ షీటు, గడువు తేదీల క్యాలెండర్, కౌన్సెలర్‌తో కాల్స్, సీవీ, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) దిద్దడం. క్యాలెండర్ బాగానే పనిచేసింది, రిమైండర్లు టైముకి వచ్చాయి.

షీటు దగ్గరే పేచీ. పైవరసలో చెవెనింగ్ ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే మంచి స్కాలర్‌షిప్పే, కానీ అది ఏడాది మాస్టర్స్ కోసం. పీహెచ్‌డీకి ఇవ్వరు. దాని కింద ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్, పేరులోనే మాస్టర్స్ ఉంది. ఇంకాస్త కిందికి వెళ్తే కెనడా ప్రభుత్వ పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ వానియే, ఏడాదికి 50,000 కెనడియన్ డాలర్లని పచ్చరంగు గడిలో రాసి 'ఓపెన్' అని పెట్టారు. ఆ పథకానికి కొత్తగా దరఖాస్తులు తీసుకోవడం అప్పటికే ఆపేశారు, దాని స్థానంలో వేరే స్కాలర్‌షిప్ వచ్చింది. కౌన్సెలర్‌ని అడిగితే, "షీటు అందరికీ ఒకటేనండీ, మీకు పనికిరానివి వదిలేయండి" అన్నాడు. పనికిరానివి ఏరి పారేయడానికేగా డబ్బు కట్టింది!

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చే క్లారెండన్ స్కాలర్‌షిప్ ఎదురుగా 'అప్లికేషన్ మేమే నింపిపెడతాం' అని ఉంది. క్లారెండన్‌కు విడిగా అప్లికేషనే లేదు. డిసెంబరులోనో జనవరిలోనో ఉండే గడువులోపు కోర్సుకు అప్లై చేస్తే, స్కాలర్‌షిప్‌కు వాళ్లే పరిశీలిస్తారు. లేని ఫారం నింపడాన్ని సేవగా చూపించడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. షీటు మొత్తం స్కాలర్‌షిప్పులే. పీహెచ్‌డీకి వచ్చే డబ్బులో చాలా భాగం ఆ పేరుతో రాదు. జర్మనీలో చాలామంది రీసెర్చ్ స్కాలర్లు యూనివర్సిటీ ఉద్యోగులే. టీవీ-ఎల్ ఈ13 అనే ప్రభుత్వ పేస్కేల్‌లో, సబ్జెక్టును బట్టి సగమో, 65 శాతమో, అంతకన్నా ఎక్కువో జీతం ఇస్తారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో కూడా పీహెచ్‌డీ అంటే ఎక్కువగా జీతమొచ్చే ఉద్యోగమే. అమెరికాలో చాలా డిపార్ట్‌మెంట్లు సీటుతో పాటే ఫీజు మాఫీ, స్టైపెండు ఇస్తాయి, బదులుగా టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పనిచేయాలి. వీటిలో ఒక్కటీ షీటులో లేదు. స్కాలర్‌షిప్ అనే మాట కోసం వెతికితే ఇవి దొరకవు, ఉద్యోగ ప్రకటనలు చూడాలి.

అవి ఉచితంగానే దొరుకుతాయి. యూరోపియన్ కమిషన్ నడిపే యూరాక్సెస్ అనే రీసెర్చ్ ఉద్యోగాల వెబ్‌సైట్‌లో, ఫిల్టర్లలో 'ఫస్ట్ స్టేజ్ రీసెర్చర్, ఆర్1' పెట్టి చూడండి. ప్రకటనలో గడువు, వారానికి ఎన్ని గంటల పని, ఎప్పుడు చేరాలి, యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ప్రాజెక్టా కాదా, అన్నీ విడివిడిగా ఉంటాయి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ పీహెచ్‌డీ పోస్టులకు ఏ దేశం వాళ్లయినా అప్లై చేయొచ్చు. అయితే ఒక నియమం ఉంది: చేరే తేదీకి ముందు 36 నెలల్లో, ఆ పోస్టు ఉన్న దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. నాతో పాటు ఇదే సర్వీసులో ఉన్న ఒకమ్మాయి అప్పుడు రెండేళ్ల మాస్టర్స్ పూర్తి చేస్తోంది. ఆమె చదువుతున్న దేశంలోని పోస్టునే ఆమె షీటులో పెట్టారు. ఆ నియమం ఆమే చదువుకుని పక్కన పెట్టేసింది కాబట్టి సరిపోయింది.

ప్రొఫెసర్లకు ఒకే టెంప్లేట్‌తో మూకుమ్మడిగా మెయిల్స్ పంపిస్తామన్నారు. వద్దన్నాను. సాధారణంగా ప్రొఫెసర్ చేతిలో గ్రాంటు, అంటే ప్రాజెక్టుకు వచ్చిన రీసెర్చ్ డబ్బు, ఉంటేనే మనిషిని తీసుకోగలరు. ఎవరికి గ్రాంటు వచ్చిందో చూపించే వెబ్‌సైట్లు అందరికీ తెరిచే ఉంటాయి. అమెరికాకు ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్, జర్మనీకి గెప్రిస్, యూరోపియన్ యూనియన్‌కు కార్డిస్ ఉన్నాయి. నేను మీథేన్, సాయిల్ అని కొట్టి, మొదలైన తేదీ ఈమధ్యదే ఉన్న ప్రాజెక్టులు మాత్రం చూసేదాన్ని. సారాంశం చదివి, అందులో నేను చేయగలిగిన పని ఏదో దాని గురించే నాలుగు వాక్యాలు రాసేదాన్ని. జవాబులు వచ్చింది ఆ మెయిల్స్‌కే. ఇప్పుడు నేను పనిచేస్తున్న పోస్టు కూడా అలా దొరికిందే.

ఇక మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సింది సీవీ చూసిన మేడమ్‌ని. ఆవిడ స్వయంగా పీహెచ్‌డీ చేశారు. నా సీవీలో 'గ్యాస్ క్రొమటోగ్రఫీ' (శాంపిల్‌లో ఏ వాయువు ఎంత ఉందో కొలిచే పద్ధతి) అన్న మాట దగ్గర ఆగి, "మెషీన్ మీరే నడిపారా, శాంపిళ్లు పంపి రిపోర్టు తెప్పించుకున్నారా? ఏది చేస్తే అదే రాయండి" అన్నారు. నేనే నడిపాను. కాలిబ్రేషన్ కూడా నేనే చేసేదాన్నని ఒక లైను చేర్పించి, ఆ భాగాన్ని మొదటి పేజీకి తెచ్చారు. తర్వాత ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ లైను మీదే వచ్చింది.

ఆఫర్ రాకపోతే డబ్బు వాపసు ఇస్తామనే వాళ్ల 'ఫండింగ్ గ్యారంటీ' ప్లాన్ జోలికి మాత్రం పోకండి. రీఫండ్ షరతులు చివరిదాకా చదివాను. వాళ్ల లెక్కలో 'ఆఫర్' అంటే ఏ అడ్మిషన్ లెటరైనా సరే, పైసా ఫండింగ్ లేకపోయినా ఆఫరే, ఇక రీఫండ్ రాదు. పైగా ఆఫర్ రాగానే వెంటనే ఒప్పుకోమని కౌన్సెలర్ తొందరపెడుతుంటాడు. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం చేసిన తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదు. ఆ తేదీదాకా టెన్షన్ పడకుండా మిగతా ఆఫర్ల కోసం ఆగొచ్చు.

మొత్తం మీద ఐదుకి రెండు. సీవీ, ఎస్‌ఓపీ దిద్దడం విడిగా అమ్మితే అది తీసుకోండి, డబ్బుకు తగ్గ పనే. పూర్తి ప్యాకేజీ తీసుకునేట్టయితే, కట్టేముందు మీ సబ్జెక్టులో ఇప్పుడు తెరిచి ఉన్న జీతమిచ్చే పీహెచ్‌డీ పోస్టులు రెండు చూపించమని కౌన్సెలర్‌నే అడగండి.