షెల్డన్ తలుపు మూడుసార్లు ఎందుకు కొడతాడో తెలిశాక: బిగ్ బ్యాంగ్ థియరీ పూర్తి సిరీస్ రివ్యూ

మొత్తం 12 సీజన్లు, 279 ఎపిసోడ్లు, మొన్న ఆదివారం రాత్రి అయిపోయాయి. నాకిది రెండోసారి. మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో ఆరుగురం ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి అక్కడో ఎపిసోడ్ ఇక్కడో ఎపిసోడ్ చూశాం, అప్పట్లో షెల్డన్ కూపర్ అంటే మాకు నవ్వుకోడానికి దొరికిన మనిషి, అంతే. ఈసారి మా ఆయనతో కలిసి మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా రోజుకి రెండు చొప్పున చూశా, నాలుగు నెలల పైనే పట్టింది, చూస్తూ చూస్తూ ఉంటే నాకు తెలిసొచ్చింది ఏంటంటే ఆ మనిషి చాదస్తాల్లో చాలావాటి వెనక ఏదో ఒక భయమో, చిన్నప్పటి దెబ్బో ఉంది. ఆ వెనకున్నది చూపించిన చోటల్లా ఈ సిరీస్ ఎంత బాగుందో చెప్పలేను, చూపించకుండా వట్టి నవ్వుల కోసం వాడేసుకున్న చోట మాత్రం తేలిపోయింది. స్పాయిలర్లు ఉన్నాయి, షో 2019లోనే అయిపోయింది కాబట్టి ఏదీ దాచట్లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2007 సెప్టెంబర్‌లో అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో మొదలైంది, చక్ లోరీ, బిల్ ప్రాడీ కలిసి తయారుచేశారు. కథంతా కాలిఫోర్నియాలోని పాసడీనాలో, కాల్‌టెక్ యూనివర్సిటీలో పనిచేసే నలుగురు ఫ్రెండ్స్ (షెల్డన్, లెనర్డ్, హోవర్డ్, రాజ్), వాళ్ళ ఎదురు ఫ్లాట్లోకి కొత్తగా దిగిన పెన్నీ అనే అమ్మాయి. షెల్డన్ టెక్సస్ నుంచి వచ్చిన థియరిటికల్ ఫిజిసిస్ట్, ఐక్యూ 187, పదకొండేళ్ళకే కాలేజీలో చేరినవాడు. కారు నడపడు, ఎక్కడికెళ్ళాలన్నా రూమ్మేట్ లెనర్డే దింపాలి. శనివారం రాత్రి అయితే బట్టలు ఉతకాల్సిందే. ఏ వారం ఏం తినాలో కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. రూమ్మేట్‌తో కలిసి ఉండటానికి ఒక పెద్ద అగ్రిమెంట్, దాంట్లో క్లాజులు, సబ్ క్లాజులు, తర్వాత గర్ల్‌ఫ్రెండ్ వస్తే ఆమెతోనూ ఇంకో అగ్రిమెంట్.

సోఫాలో అతని చోటు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మొదటి ఎపిసోడ్లోనే పెన్నీ తెలీక అక్కడ కూర్చుంటుంది, అప్పుడు అతను ఎందుకు లేవాలో వివరిస్తాడు. చలికాలంలో హీటర్‌కి వెచ్చగా ఉండేంత దగ్గర, చెమట పట్టనంత దూరం, ఎండాకాలంలో రెండు కిటికీల మధ్య గాలి తగిలే దారి, టీవీ వైపు కూడా మరీ ఎదురుగా కాదు మరీ పక్కకి కాదు. హాస్టల్లో ఇది చూసి దొర్లి దొర్లి నవ్వాం. ఈసారి నాకు మా పెదనాన్న గుర్తొచ్చారు. తెనాలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు, వసారాలో ఆయన కుర్చీ ఒకటుంటుంది, సాయంత్రం ఎండ పేపర్ మీద పడని చోట, వీధి గేటు కనపడే చోట, వంటింట్లోంచి పిలిస్తే వినపడే చోట. చుట్టాలెవరైనా దాంట్లో కూర్చుంటే ఒక్క మాట అనరు, పక్కనే నిలబడిపోతారు, వాళ్ళు లేచేదాకా అలాగే నిలబడతారు. పిల్లలం అది చూసి గుసగుసలాడుకుని నవ్వేవాళ్ళం. ఆయనకి కొత్తవాళ్ళతో మాట్లాడటం ఎంత కష్టమో, ఇల్లంతా జనం నిండినప్పుడు ఆ ఒక్క కుర్చీ ఆయనకి ఎంత ఆసరానో నాకు ముప్పై దాటాకగానీ అర్థం కాలేదు. షెల్డన్ సోఫా కూడా అంతే, ప్రపంచంలో మారకుండా ఉండే ఒక్క చోటు కావాలి అతనికి.

ఇంక తలుపు. పెన్నీ తలుపు మూడుసార్లు కొడతాడు, కొట్టిన ప్రతిసారీ పేరు పిలుస్తాడు, ఆమె మధ్యలోనే తలుపు తీసినా సరే మూడూ పూర్తిచేస్తేగానీ మాట్లాడడు. తొమ్మిది సీజన్లు ఇది జోకే. పదో సీజన్ ఐదో ఎపిసోడ్లో పెన్నీతో మాట్లాడుతూ మామూలుగా చెప్పేస్తాడు, పదమూడేళ్ళప్పుడు కాలేజీ సెలవులకి ఇంటికొచ్చి తలుపు తీస్తే నాన్న వేరే ఆవిడతో ఉన్నాడు, అప్పట్నుంచి మొదటిసారి కొట్టడం అందరూ కొట్టేదే, మిగతా రెండూ లోపలివాళ్ళు బట్టలు సర్దుకోడానికి. అక్కడ నేను వీడియో ఆపేశా. తొమ్మిదేళ్ళు నవ్విన నవ్వంతా ఒక్కసారి గొంతుకి అడ్డం పడ్డట్టు అయింది. ఇంకో సంగతి, షెల్డన్ చిన్నతనం మీద యంగ్ షెల్డన్ అని వేరే సిరీస్ 2017 నుంచి 2024 దాకా ఏడు సీజన్లు వచ్చింది, దాని ఆఖరి సీజన్లో తెలుస్తుంది ఆ రోజు ఆ గదిలో ఉన్నది వేరే ఆవిడ కాదు, విగ్గు పెట్టుకుని వేషం వేసుకున్న వాళ్ళమ్మే అని. అంటే ఆ పిల్లాడు పొరపాటుగా అర్థం చేసుకున్నదాన్ని ఎవర్నీ అడగలేక, ఎవరికీ చెప్పలేక జీవితమంతా మోశాడు. మనుషులతో మాట్లాడటం రాకపోతే ఎంత నష్టమో దీనికంటే బాగా నేనెక్కడా చూడలేదు.

ఈ సిరీస్ మొత్తంలో ఒక్కటే ఎపిసోడ్ చూపించమంటే నేను రెండో సీజన్ పదకొండోది చూపిస్తా, క్రిస్మస్‌ది. పెన్నీ తనకి గిఫ్ట్ ఇస్తుందని తెలిసి షెల్డన్ వణికిపోతాడు, ఎందుకంటే అతని దృష్టిలో గిఫ్ట్ అంటే అప్పు, వచ్చినదానికి సరిగ్గా సమానమైంది తిరిగి ఇవ్వాలి. అందుకని సబ్బులూ లోషన్లూ పెట్టిన బుట్టలు చిన్నవి, పెద్దవి, అన్ని సైజులూ కొనేసి పెట్టుకుంటాడు, ఆమె ఇచ్చింది చూసి దానికి సరిపడేది ఇచ్చి మిగతావి షాపులో వాపస్ ఇచ్చేద్దామని ప్లాను. చదివింపులు పుస్తకంలో రాసిపెట్టుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి ఆ పేజీ తిరగేసి అంతకు అంత పెట్టే ఇళ్ళలో పెరిగిన మనకి ఈ టెన్షన్ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, వెంటనే తెలిసిపోతుంది. తీరా ఆమె ఇచ్చింది లెనర్డ్ నిమోయ్ మూతి తుడుచుకుని సంతకం పెట్టిన నాప్కిన్. స్టార్ ట్రెక్‌లో స్పాక్ వేసిన నిమోయ్ అంటే షెల్డన్‌కి దేవుడు. లోపలికెళ్ళి బుట్టలన్నీ, ఒక్కటి కూడా మిగల్చకుండా, తెచ్చి ఆమె ముందు పెట్టేస్తాడు, అయినా చాల్లేదని అర్థమై, మనుషుల్ని ముట్టుకోవడమే పడనివాడు చేతులు ఎలా పెట్టాలో తెలీక తెలీక ఆమెని కౌగిలించుకుంటాడు. జిమ్ పార్సన్స్ భుజాలు ఆ క్షణంలో ఎలా బిగుసుకున్నాయో చూడండి, అది నటన అనిపించదు. షెల్డన్ పాత్ర వేసిన ఆయనకి దీనికే నాలుగు ఎమ్మీ అవార్డులు వచ్చాయి, 2010, 2011, 2013, 2014, నన్నడిగితే ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

ఆయన నటనలో నాకు ఎక్కువ నచ్చింది వెటకారం అర్థంకాని మొహం. ఎదుటివాళ్ళు వెటకారంగా అన్నారా నిజంగా అన్నారా అని కళ్ళు అటూ ఇటూ కదులుతాయి, లెక్క వేసుకుంటున్నట్టు. ఒకచోట లెనర్డ్ పాపం వెటకారం అని రాసి ఉన్న బోర్డే ఎత్తి చూపిస్తాడు. ఎవరైనా బాధలో ఉంటే వేడిగా తాగడానికి ఏదైనా ఇవ్వాలని వాళ్ళమ్మ నేర్పింది, అందుకని ఎంత పెద్ద బాధైనా సరే షెల్డన్ ముందు టీ పెట్టిస్తానంటాడు, ఆ బాధ ఏంటో అతనికి అర్థం కాకపోయినా. అర్థం కాకపోయినా చేస్తాడు చూశారా, అది నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. మూడో సీజన్లో పెన్నీ బాత్‌టబ్‌లో జారి భుజం జారిపోతే, డ్రైవింగ్ అంటే భయపడి చచ్చే మనిషి తనే కారు నడుపుకుంటూ హాస్పిటల్‌కి తీసుకెళ్తాడు, రాత్రి మంచం పక్కన కూర్చుని చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పిల్లికూన పాట పాడతాడు. ప్రేమ మాటల్లో చెప్పడం రాని మనుషులు మనిళ్ళల్లోనూ ఎంతమంది లేరు, పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించి ఊరుకునేవాళ్ళు.

సైన్స్ సంగతి కూడా చెప్పాలి, చాలామంది పట్టించుకోరు. వెనక బోర్డు మీద ఈక్వేషన్లు ఏదో గీకినవి కావు, యూసీఎల్ఏ ఫిజిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ సాల్జ్‌బర్గ్ చూసుకునేవారు. షెల్డన్ గర్ల్‌ఫ్రెండ్ పేరు ఎమీ, ఆమె న్యూరోబయాలజిస్ట్, ఆ పాత్ర వేసిన మయిమ్ బియాలిక్‌కి నిజంగానే న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ ఉంది. 73 అన్నింటికంటే మంచి నంబర్ అని షెల్డన్ ఒక ఎపిసోడ్లో చెప్తాడు, ప్రైమ్ నంబర్లలో అది 21వది, తిప్పి రాస్తే 37, అది 12వ ప్రైమ్, 21ని తిప్పితే 12, పైగా 7ని 3తో గుణిస్తే 21. ఆ మాట చెప్పింది 73వ ఎపిసోడ్లోనే! 2019లో ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు ఇలాంటి లక్షణాలున్న ప్రైమ్ 73 తప్ప ఇంకోటి లేదని నిరూపించారు కూడా. పెదనాన్నకి ఫోన్లో చెప్తే ఒక్క నిమిషం మాట్లాడకుండా లెక్క వేసుకుని, నిజమేనమ్మా అన్నారు, ఆ గొంతులో అంత సంతోషం నేను ఈమధ్య వినలేదు.

ఇప్పుడు నచ్చనివి. రాజేష్ కూత్రపల్లి ఉన్నాడు కదా, ఇంటిపేరు వింటే మన పక్క ఊరి వాడేమో అనిపిస్తుంది, కథలో మాత్రం ఢిల్లీ వాడు, మొదటి ఆరు సీజన్లు మందు తాగితే తప్ప ఆడవాళ్ళతో మాట్లాడలేడు. షెల్డన్ మొహమాటానికీ భయానికీ కారణాలు వెతికి ఇచ్చిన రైటర్లు రాజ్‌కి మాత్రం అలాంటిదేమీ ఇవ్వలేదు, ఇండియా అంటే ఎండ, రద్దీ, కూరల వాసన, ఇవే జోకులు. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్లో మాధురీ దీక్షిత్ మీద ఒక నీచమైన మాట ఉంది, 2023లో దానిమీద ఇక్కడ లీగల్ నోటీసు కూడా వెళ్ళింది, వెళ్ళడమే కరెక్ట్ అనుకుంటా. మొదటి సీజన్లలో హోవర్డ్ ఆడవాళ్ళ వెంట పడటం కూడా ఇప్పుడు చూస్తే చిరాకు. షెల్డన్ విషయంలోనూ ఆరు నుంచి తొమ్మిదో సీజన్ దాకా కొన్ని ఎపిసోడ్లలో అతను అందర్నీ తీసిపారేస్తాడు, హోవర్డ్‌కి పీహెచ్‌డీ లేదని మళ్ళీ మళ్ళీ ఎత్తిపొడుస్తాడు, నవ్వులు వినిపిస్తాయి, సీన్ అయిపోతుంది. ఎత్తిపొడిచిన మాటకి ఎదుటివాళ్ళు ఎంత నొచ్చుకున్నారో చూపించకపోతే అది చాదస్తం అవ్వదు, పొగరు అవుతుంది, ఈ తేడా రైటర్లు కొన్నాళ్ళు మర్చిపోయారు. ఆటిజం లాంటి పేరేదీ సిరీస్‌లో అతనికి పెట్టలేదు, అది మంచిదే అంటాను, పేరు పెట్టకపోవడం వల్ల మన చుట్టూ ఉన్న ఎవర్నైనా అతనిలో చూసుకోగలిగాం.

ఆ మర్చిపోయినదంతా చివర్లో సరిదిద్దుకున్నారు. 11వ సీజన్ ఆఖరి ఎపిసోడ్లో పెళ్ళి రోజు, షెల్డన్ బో టై రెండు వైపులా సమానంగా రావట్లేదని కొట్టుకుంటుంటే, కొంచెం వంకర ఉంటేనే బాగుంటుందేమో అంటుంది ఎమీ. అన్నీ సరిసమానంగా ఉండాలనే మనిషికి ఆ వంకర లోంచే సూపర్ ఎసిమెట్రీ అనే సిద్ధాంతం తడుతుంది, దానికే ఇద్దరికీ నోబెల్ వస్తుంది. 2019 మే 16న వచ్చిన చివరి ఎపిసోడ్లో స్వీడన్ ప్రయాణంలో కూడా తన గోల తనదే, ఫ్రెండ్స్ విసిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామనుకుంటారు. స్టేజి ఎక్కాక రాసుకొచ్చిన స్పీచ్ పక్కన పెట్టేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి లేచి నిలబడమంటాడు. చోటు వదలని మనిషి అందర్నీ లేవమని తను థ్యాంక్స్ చెప్తుంటే మా ఇంట్లో ఇద్దరం ఏడ్చేశాం.

ఎపిసోడ్ ఇరవై నిమిషాలు చిల్లర, అన్నం తినేలోపు ఒకటి అయిపోతుంది. పిల్లలతో మాత్రం వద్దు, పెద్దల జోకులు బోలెడు, వాళ్ళకి యంగ్ షెల్డన్ కొంతవరకు పర్లేదు. నవ్వుల సౌండ్ మొదట్లో చిరాకనిపించొచ్చు, ఎక్కువ భాగం స్టూడియోలో జనం ముందు తీసింది, నాలుగైదు ఎపిసోడ్లకి అలవాటైపోతుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, షెల్డన్ చాలా స్పీడుగా మాట్లాడతాడు. మొదటి మూడు సీజన్లకీ ఆఖరి రెండింటికీ నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, మధ్యవాటికి మూడు.

పోయిన వారం తెనాలి వెళ్ళినప్పుడు ఆ నాప్కిన్ ఎపిసోడ్ పెదనాన్నకి చూపించా, ఆయన కుర్చీ పక్కన పీట వేసుకుని, అర్థంకాని చోట ఆపి చెప్తూ. ఆయన ఎక్కడా నవ్వలేదు. అయిపోయాక కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ మిగిలిన బుట్టలు షాపులో ఇచ్చేశాడా అమ్మా అని అడిగారు. లేదు పెదనాన్నా, అన్నీ ఆ అమ్మాయికే ఇచ్చేశాడు అన్నా. తల ఊపి, ఇంకోటి పెట్టు అన్నారు.