ట్రఫుల్ వెతికే ‘ఎలక్ట్రానిక్ ముక్కు’ కిట్: విశాఖ తేమలో ఎంతవరకు నమ్మొచ్చు?

ఇంజనీరింగ్ ప్రాజెక్టుల కోసం విశాఖలో అమ్ముతున్న కిట్ ఇది. వాయువులను పసిగట్టే ఎంక్యూ-3, ఎంక్యూ-135, ఎంక్యూ-136 సెన్సార్లు, వాయువులతో పాటు తేమనూ కొలిచే ఒక బీఎంఈ688 సెన్సారు, వీటి రీడింగులు తీసుకునే ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు, చిన్న గాలి పంపు, గరాటు, సిలికాన్ ట్యూబు, సిలికా జెల్ గొట్టం వస్తాయి. ట్రఫుల్ వెతకడానికి ఇది పనికిరాదు. వాసన కొలవడం నేర్చుకోవడానికైతే బాగుంది, కాకపోతే కొన్ని మార్పులు తప్పవు.

ఓక్ లాంటి చెట్ల వేర్లను పట్టుకుని మట్టిలో పెరిగే, వంటల్లో వాడే ఫంగస్ ట్రఫుల్. కుక్కలు, పందులు పసిగట్టేది ముఖ్యంగా దానిలోని డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం వాసనను. పందులు నేలను కుళ్లగించేస్తున్నాయని ఇటలీ 1985లో వాటితో వెతకడాన్ని నిషేధించింది. సముద్రపు గాలిలోనూ ఇదే సల్ఫైడ్ ఉంటుంది, కానీ ఈ సెన్సార్లకు అందనంత తక్కువ. ఆర్కే బీచ్‌లో రీడింగు ఎగబాకిందంటే అది తేమ పనే.

పరీక్షకు ట్రఫుల్ ఆయిల్ కొనకండి. చాలా సీసాల్లో ఉండే కృత్రిమ సువాసన వేరే పదార్థం. ఉడికించిన క్యాబేజీ చాలు, డైమిథైల్ సల్ఫైడ్ అందులోనూ వస్తుంది. మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో వేసి, కుండీలో ఎర్రమట్టి కింద 10 సెంటీమీటర్ల లోతున పాతాలి. పక్క కుండీలో ఖాళీ డబ్బా పాతి, రెండింటికీ ఒకే కొలత నీళ్లు పోయాలి. గరాటు బోర్లించి అంచును మట్టిలోకి నొక్కి, మూడు నిమిషాలు ఆగాకే పంపు వేయాలి. ముందు బయటి గాలి, తర్వాత ఖాళీ కుండీ, ఆఖరున క్యాబేజీ కుండీ. ఒక్కోదాని తర్వాత రీడింగు మొదటి చోటికి దిగేదాకా ఆగాలి.

అసలు చిక్కు తేమతోనే. ఎంక్యూ సెన్సార్లలో వేడెక్కిన టిన్ ఆక్సైడ్ మీది ఆక్సిజన్‌ను వాసన ఆవిరి లాగేసుకుంటే నిరోధం పడిపోతుంది. నీటి ఆవిరి తగిలినా పడిపోతుంది. తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లోని గ్రాఫులు 20 డిగ్రీలు, 65 శాతం తేమ దగ్గర తీసినవి, మన వాతావరణం అంతకంటే వేడి, ఉక్క. అందుకే వట్టి తడిమట్టి కూడా ‘దొరికింది’ అనిపిస్తుంది. సిలికా జెల్ గొట్టం పెట్టింది ఇందుకే, కానీ అది తేమతో పాటు వాసననూ పీల్చేసుకుంటుంది. దాన్ని తీసేయండి. బీఎంఈ688 చూపే తేమ రెండు కుండీల్లో దాదాపు సమానంగా ఉన్నప్పుడే పోల్చండి.

మూడు ఎంక్యూ హీటర్లకు ఒక్కోదానికి సుమారు 150 మిల్లీయాంపులు కావాలి. బోర్డు నుంచే ఇస్తే వోల్టేజీ కుంగి, హీటరు చల్లబడి రీడింగు మెల్లగా జారుతుంది. విడిగా 5 వోల్టులు, 2 యాంపుల అడాప్టర్ పెట్టి, దాని గ్రౌండ్‌ను మాత్రం బోర్డు గ్రౌండ్‌తో కలపండి. కొత్త సెన్సార్లను కనీసం 24 గంటలు వేడెక్కనివ్వాలి. ఎంక్యూ మాడ్యూళ్ల అవుట్‌పుట్ 5 వోల్టుల దాకా పోవచ్చు, ఈఎస్‌పీ32 పిన్ను మాత్రం 3.3 దాటితే తట్టుకోదు. మధ్యలో 10కే (సెన్సారు వైపు), 15కే (గ్రౌండ్ వైపు) రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించే డివైడర్ కట్టండి. వైఫై వాడుతుంటే 32 నుంచి 39 లోపు అనలాగ్ పిన్నులే ఎంచుకోండి.

గొట్టం కీళ్లకు సిలికాన్ సీలెంట్ పూయొద్దు, దాని ఆవిరి టిన్ ఆక్సైడ్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది. హాట్ గ్లూ వాడండి. సిలికాన్ ట్యూబు వాసనను పట్టి ఉంచుకుని తర్వాతి రీడింగులో వదులుతుంది, కనుక టెఫ్లాన్ ట్యూబు మేలు.

ఇన్ని చేసినా శానిటైజర్, పెట్రోలు ఆవిరి, కంపోస్టు అమోనియా వేటికైనా ఎంక్యూలు స్పందిస్తాయి. ఏ వాయువో ఒక్క సెన్సారు చెప్పలేదు, నాలుగింటి నిష్పత్తినీ కలిపి చూడాలి. ఆ లెక్కలు చేసే ఓపిక ఉన్న ఫైనలియర్ విద్యార్థులకైతే కొనొచ్చంటాం. విడివిడిగా కొనుక్కునేవాళ్లు ఆల్కహాల్ కోసం చేసిన ఎంక్యూ-3ని వదిలేసి, ఆ డబ్బు టెఫ్లాన్ ట్యూబుకు పెట్టండి.