తోట మొత్తం ఒకేసారా, మడి తర్వాత మడా?

పెరటి తోటని ఒకేసారి తవ్వించేస్తే పైపులు, నడవడానికి బాట, మట్టి పని అన్నీ ఒక్క విడతలో అయిపోతాయి. నాటిన మొక్కల్ని మళ్లీ పీకే పని ఉండదు. కానీ బరువైన బండ్లు తిరిగితే నేల గట్టిపడి నీరు ఇంకదు, వేర్లకు గాలి అందదు. నిరుడు మా పెరట్లో జరిగిందదే. వాన వెలిసిన రెండు రోజులకి కూడా బురద గుంటే!

మడి తర్వాత మడి చేసుకుంటే ఖర్చు ఒక్కసారే మీద పడదు. పైగా ఎండ ఎక్కడ పడుతుందో చూసుకునే టైమ్ దొరుకుతుంది. టమాటా, వంగ లాంటివాటికి రోజుకి కనీసం 6 గంటల ఎండ కావాలి. కాలం మారితే నీడా జరుగుతుంది. చిక్కల్లా, పని ఎప్పటికీ తెమలదు. ఇంట్లోవాళ్ల సణుగుడు అదనం.

నా ఓటు రెండోదానికే. పైపులు మాత్రం ముందే వేయించేయండి.