అక్షరాలిస్తే మాట వెతికిపెట్టే వన్‌లుక్: ఏళ్ల తరబడి వాడాక

చేతిలో కొన్ని అక్షరాలున్నాయి, వాటితో ఏ ఇంగ్లిష్ మాట వస్తుంది? దీనికి జవాబు చెప్పే యాప్‌లు, సైట్లు బోలెడు. నేను చాలావాటిని వాడి వదిలేశాను, వన్‌లుక్ అనే వెబ్‌సైట్ ఒక్కటే మిగిలింది. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగం నాది. పొద్దున్న ప్రయాణంలో 'ది హిందూ' క్రాస్‌వర్డ్, ఆదివారం మొగల్రాజపురంలో అక్కావాళ్లింట్లో పిల్లలతో స్క్రాబుల్, అంటే అక్షరాల బిళ్ళలతో ఇంగ్లిష్ మాటలు కట్టే ఆట. రెండింటికీ ఇదే వాడుతున్నాను.

ముందు ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. పేరు అనవసరం. అక్షరాలు కొడితే మాటలు కుప్పగా పోసేది, అర్థాలు ఉండేవి కావు, ప్రతి వెతుకులాటకూ ఒక ప్రకటన చూడాల్సి వచ్చేది. అంతకన్నా పెద్ద ఇబ్బంది వేరే ఉంది. "ఈ అక్షరాలున్న మాట" అన్నప్పుడు మనకు కావాల్సింది ప్రతిసారీ ఒకటే కాదు. ఆ అక్షరాలు పక్కపక్కనే అదే వరుసలో ఉండాలా? ఏ వరుసలోనైనా సరే, మాటలో ఎక్కడో ఉంటే చాలా? ఉన్నవన్నీ వాడి, ఇంకొకటి కూడా కలవకుండా కట్టాలా? లేక వాటిలోంచే, ఒక్కో అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడొచ్చా? ఇవి నాలుగు వేరువేరు ప్రశ్నలు. ఆ యాప్ నాలుగింటికీ ఒకే గడి పెట్టింది. వన్‌లుక్‌లో మాత్రం ఏది కావాలో మనమే చెప్పగలం. నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం అదే.

చెప్పే పద్ధతి మొదట్లో కొత్తగా ఉంటుంది కానీ వారంలో చేతికి వచ్చేస్తుంది. ప్రశ్న గుర్తు పెడితే ఏదో ఒక అక్షరం, స్టార్ గుర్తు పెడితే ఎన్ని అక్షరాలైనా. రెండు స్లాష్‌లు పెట్టి డబ్ల్యూ, ఇ రాసి, వెనక నాలుగు ప్రశ్న గుర్తులు పెడితే, ఆ రెండూ ఎక్కడో ఒకచోట ఉన్న ఆరక్షరాల మాటలు వస్తాయి. ప్రశ్న గుర్తులు తీసేస్తే ఇచ్చిన అక్షరాలను తారుమారు చేసి మాటలు కడుతుంది. 'ది హిందూ' క్రాస్‌వర్డ్‌లో కొన్ని ఆధారాలు ఇలా అక్షరాలు కలిపేసినవే కాబట్టి ఇది నాకు బాగా పనికొస్తుంది. అయితే పెన్నుతో పేపర్ అంచున కాసేపు కుస్తీ పట్టాకే ఫోన్ తీస్తాను. మంగళగిరి దాటేవరకూ దొరక్కపోతే అప్పుడు.

ఇలాంటి వెతుకులాట సాధారణంగా ఎలా జరుగుతుందో మేనకోడలికి చెప్తే దాని కళ్లు మెరిశాయి. నిఘంటువులోని ప్రతి మాటనూ విడగొట్టి, అక్షరాలను ఎ నుంచి జెడ్ వరుసలో పేర్చి దాచుకుంటారు. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ అన్నీ ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి అనే ఒకే వరుసకు చేరతాయి. మనం ఇచ్చిన అక్షరాలనూ అలాగే పేర్చి, ఆ వరుస కింద ఏ మాటలున్నాయో చూస్తే చాలు. అన్ని రకాలుగా తిప్పి తిప్పి చూడాల్సిన పని లేదు.

ప్లస్ గుర్తు పెడితే దాని తర్వాత రాసిన అక్షరాలకే మాటను పరిమితం చేస్తుంది. బి, ఎ, ఎన్ మాత్రమే ఇస్తే బనానా వస్తుంది. మైనస్ పెడితే వద్దన్న అక్షరాలున్న మాటలు రావు. క్యూ ఉండి యు లేని మాటలు అడిగితే ఫకీర్, నిఖాబ్ కనిపించాయి. "మావయ్యా, ఫకీరు ఇంగ్లిష్‌లోకి కూడా వెళ్లిపోయిందా!" అని పిల్లాడు గంతులేశాడు. స్క్రాబుల్‌లో క్యూ చేతికొచ్చి యు రాకపోతే ఎంత టెన్షనో ఆడేవాళ్లకు తెలుసు. ఆ బిళ్ళ విలువ పది పాయింట్లు, చివరిదాకా మిగిలిపోతే ఆ పదీ మన స్కోరులోంచే పోతాయి.

క్రాస్‌వర్డ్ చేసేవాళ్లు తప్పక నేర్చుకోవాల్సింది కోలన్. అక్షరాల అమరిక పక్కన కోలన్ పెట్టి, దాని తర్వాత అర్థానికి దగ్గరగా ఉన్న మాట రాయాలి. బి, ఎల్‌తో మొదలై మంచుకు సంబంధించిన మాట కావాలంటే ఇస్తుంది, బ్లిజార్డ్‌తో సహా. అక్షరమూ అర్థమూ రెండూ సగం సగం తెలిసినప్పుడు ఇంతకన్నా మంచి సాయం నాకు దొరకలేదు. దొరికిన మాట మీద నొక్కితే నిఘంటువులకు దారి చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, యాప్ వేసుకోక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. స్క్రాబుల్ తగాదాలకు దీన్ని అంపైర్‌గా పెట్టుకోకూడదు. వెయ్యికి పైగా నిఘంటువుల్లోంచి మాటలు తెస్తుంది కాబట్టి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, పొట్టి రూపాలు కూడా వచ్చేస్తాయి. ఆటలో అవి చెల్లవు. ఏ మాట చెల్లుతుందో చెప్పే పట్టికలు వేరు: ఉత్తర అమెరికాలో ఒకటి, మిగతా దేశాల్లో ఎక్కువగా కాలిన్స్. ఓకే అనే మాట అమెరికా పట్టికలోకి 2018లో, కాలిన్స్‌లోకి 2019లో చేరింది. అక్కావాళ్లింట్లో ఉన్నది అంతకుముందు అచ్చయిన పుస్తకం, అందుకే ఆ మాట మీద పెద్ద రగడే అయింది. ఇప్పుడు ఆట మొదలుపెట్టే ముందే కాలిన్స్ అని అనేసుకుంటాం.

పిల్లలకు ఎలా ఇవ్వాలి అని చాలామంది అడుగుతారు. మా ఇంట్లో ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్ బీరువాలోనే. ఆట అయ్యాక ఒక్కొక్కరి చేతిలో ఇరుక్కుపోయిన బిళ్ళలను వన్‌లుక్‌లో వేసి చూస్తాం. ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి చేతిలో ఉంటే రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్... ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే యాభై పాయింట్లు అదనం. అలా చేజారిన మాటను పిల్లలు మర్చిపోరు. మేనకోడలు ఈ ఏడక్షరాలనూ నోటికి పట్టేసి, పోయిన నెల అక్క మీద ప్రయోగించింది. అక్క సవాల్ చేసింది, కాలిన్స్ తీసి చూస్తే రెటినాస్ ఉంది.